ఇంటూ గుర్తు వేసే సాలీడు, దాని చుట్టాలు

మీ ప్రశ్న, రెండు ఫొటోలు చూశానండి. జామచెట్టుకీ ప్రహరీ గోడకీ మధ్య వారం రోజులుగా ఒక పెద్ద సాలీడు గుండ్రటి గూడు కట్టుకుని ఉంది. ఒంటి మీద పసుపు, వెండి చారలున్నాయి. గూడు మధ్యలో తెల్లగా ఇంటూ గుర్తు వేసింది. కాళ్ళు నాలుగే కనిపిస్తున్నాయి. పిల్లలు అక్కడే ఆడుకుంటారు కాబట్టి కొట్టేయాలా, ఇలా గుండ్రంగా కట్టేవన్నీ ఒకే రకమా అని అడిగారు.

ముందు టెన్షన్ తీరే మాట చెప్తాను. కొట్టకండి. అది ఆర్జియోపే అనే ప్రజాతికి చెందిన ఆడ సాలీడు. విషం ఉంది కానీ అది చిన్న పురుగుల్ని పడగొట్టడానికి పనికొచ్చేంతే. చేత్తో పట్టుకుని నొక్కితే తప్ప కరవదు. కరిచినా కాసేపు మంట, కొంచెం వాపు, అంతే. గూటిని కదిలిస్తే ముందు ఊయలలా ఊగుతుంది, ఇంకా విసిగిస్తే దారం పట్టుకుని కిందికి జారి గడ్డిలో దాక్కుంటుంది. పిల్లల మీదికి రావడం దాని స్వభావంలోనే లేదు. కాళ్ళు కూడా ఎనిమిదే. రెండేసి కాళ్ళు దగ్గరగా చేర్చి చాపుకుంటుంది కాబట్టి దూరం నుంచి నాలుగులా కనిపిస్తాయి. ఫొటోని పెద్దది చేసి చూస్తే జంటలు విడివిడిగా తెలుస్తాయి.

జాతి కచ్చితంగా చెప్పమంటే మాత్రం ఫొటోతో చెప్పలేను. మన వైపు పెరళ్ళలో ఎక్కువగా కనిపించేవి ఆర్జియోపే అనసూజ, ఆర్జియోపే పుల్కెల్లా. పైనుంచి చూస్తే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. వాటిని విడదీసే గుర్తు పొట్ట కింద ఉంటుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. నేను ఇరవై ఏళ్ళకు పైగా జువాలజీ చెబుతున్నాను, గోదావరి డెల్టా వరిచేలల్లో సాలీళ్ళు లెక్కపెట్టే పని చాలా సీజన్లు చేశాను. అయినా ఈ రెంటినీ భూతద్దం లేకుండా విడదీసే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు ఒళ్ళు చూద్దాం. సాలీడుకి శరీరం రెండే ముక్కలు. ముందుది తల, రొమ్ము కలిసిపోయిన శిరోవక్షం, వెనకది పొట్ట. మధ్యలో సన్నటి నడుము. పురుగులకైతే మూడు ముక్కలు, ఆరు కాళ్ళు, మీసాలు ఉంటాయి. సాలీడుకి మీసాలే లేవు. మనం సాలెపురుగు అని పిలుస్తాం కానీ దాని దగ్గరి బంధువులు తేళ్ళు, పిడుదులు.

కళ్ళు ఎనిమిది, నాలుగేసి చొప్పున రెండు వరసలు. గుండ్రటి గూడు కట్టేవాటికి ఆ కళ్ళతో పెద్దగా పని లేదు. వాటి లోకమంతా కాళ్ళకు తగిలే అదురే. దోమ పడినా, ఎండుటాకు పడినా, మగ సాలీడు వచ్చి దారాన్ని మీటినా తేడా అదురులోనే తెలుస్తుంది. కాలు ముడవడానికి కండరాలున్నాయి కానీ రెండు ముఖ్యమైన కీళ్ళ దగ్గర చాపడానికి కండరం లేదు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి తోసి చాపుతుంది. చచ్చిన సాలీడు కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని వెల్లకిలా పడి ఉండడం మీరు చూసే ఉంటారు, ఒత్తిడి పోయింది కాబట్టి అలా అవుతుంది.

కాలి చివర మూడు గోళ్ళుంటాయి. గోడల మీద గెంతే సాలీడుకి రెండే. ఆ మూడో గోరు కొక్కెంలా వంగి ఉంటుంది, దాని ఎదురుగా రంపపు పళ్ళ లాంటి గట్టి వెంట్రుకలుంటాయి. నడిచేటప్పుడు గోరు దారాన్ని ఆ వెంట్రుకల మీదికి అదిమి పట్టుకుంటుంది, గోరు లేపగానే వెంట్రుకలే దారాన్ని బయటికి తోసేస్తాయి. దారం మీద బతికే ప్రాణికి కావలసిన చెయ్యి ఇది.

పొట్ట కింద ముందు భాగంలో ఒక జత పుస్తకాకార ఊపిరితిత్తులు ఉంటాయి. ఆ రెంటి మధ్య, ఆడదానిలో, జననేంద్రియం మీద ఎపిజైన్ అనే గట్టి పలక ఉంటుంది, ఇందాక చెప్తానన్న గుర్తు ఇదే. మగదానికి నోటి పక్కనున్న చిన్న చేతుల చివర బాక్సింగ్ గ్లవ్స్ లాంటి ఉబ్బులుంటాయి. వీర్యం నింపుకునేది వాటిలోనే. ఎపిజైన్ ఆకారం, ఆ ఉబ్బుల ఆకారం జాతికొక తీరుగా ఉంటాయి. సాలీళ్ళ మీద పనిచేసేవాళ్ళు రంగుని నమ్మరు, వీటినే నమ్ముతారు. ఒకే జాతిలో ఒకటి నల్లగా, ఒకటి గోధుమరంగులో ఉండడం మామూలే.

పొట్ట చివర మూడు జతల బొడిపెలుంటాయి, స్పిన్నరెట్లు అంటారు. ఒక్కో బొడిపె మీద కంటికి కనిపించనంత చిన్న గొట్టాలుంటాయి, ఒక్కో రకం గొట్టం వెనక ఒక్కో రకం పట్టు గ్రంథి. మీ ఆర్జియోపే చేరిన ఆరనియిడే కుటుంబపు ఆడ సాలీడులో ఏడు రకాల గ్రంథులుంటాయి. నేలకి దిగడానికి, గూటి చట్రానికి, చక్రంలో ఆకుల్లా మధ్య నుంచి అంచుకి వేసే పోగులకి ఒక గట్టి దారం. తాత్కాలికంగా వేసుకునే చుట్టకి ఇంకొకటి. వేటను పట్టే చుట్టకి సాగే దారం ఒకటి, దాని మీద పూసే జిగురు ఇంకొక గ్రంథిది. దారాన్ని కొమ్మకు అతికించే గమ్ము ఒకటి. వేటను మూటకట్టే సన్నటి పోగులు ఒకటి, మీ ఫొటోలోని ఇంటూ గుర్తు కూడా ఆ పోగులతో నేసిందే. ఏడోది గుడ్ల సంచికి. వీటిలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది వెనక జత బొడిపెల మీదున్న మూడు గొట్టాల అమరిక. మధ్య గొట్టం నుంచి సాగే దారం వస్తుంది, అటూ ఇటూ ఉన్న రెండు గొట్టాల నుంచి జిగురు వచ్చి ఆ దారాన్ని తడుపుతుంది. దారం బయటికి రావడం, జిగురు పట్టడం ఒకేసారి జరిగిపోతాయి.

గూడు కట్టడం చూడాలంటే మీ ఆర్జియోపే కోసం తెల్లవారకముందే లేవాలి. దానికన్నా సులువు నియోస్కోనా అనే ఇంకో సాలీడు. మట్టిరంగు, వెంట్రుకల పొట్ట, పొద్దుగూకాక బయటికొస్తుంది. ఒక వానాకాలం మా వరండా గ్రిల్లుకీ కరివేపాకు చెట్టుకీ మధ్య ఒకటి కట్టేది. టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏడింటికి కొంచెం ముందు గ్రిల్లు పైనుంచి గాలిలోకి ఒక పోగు వదిలింది. అది ఊగుతూ వెళ్ళి కరివేపాకు రెమ్మకి తగులుకుంది. కాలితో లాగి చూసుకుంది, దాని మీద నడుస్తూ ఇంకో దారం వేసి గట్టిపరిచింది. తర్వాత వదులుగా ఒక దారం వేసి దాని నడిమి నుంచి కిందికి దిగేసరికి అది సాగి మూడు కొమ్మల ఆకారం వచ్చింది. ఆ మూడూ కలిసే చోటే గూటికి మధ్య. అక్కడి నుంచి చక్రపు ఆకుల్లాంటి పోగులు వేయడం మొదలుపెట్టింది. నేను లెక్కపెట్టినవి ఇరవై ఒకటి. ప్రతిసారీ మధ్యకి వచ్చి ముందు కాళ్ళతో చుట్టూ తడిమి, ఎక్కడ సందు ఎక్కువుందో అక్కడికే వెళ్ళేది.

ఆకులయ్యాక మధ్య నుంచి అంచువైపు ఎడం ఎడంగా ఒక చుట్ట వేసింది. దానికి జిగురుండదు. అది మేస్త్రీ కట్టుకునే పరంజా లాంటిది. అంచుకి చేరాక వెనక్కి తిరిగి అసలు జిగురు చుట్ట మొదలుపెట్టింది, ఈసారి అంచు నుంచి మధ్యకి, దగ్గర దగ్గరగా. ఒక వెనక కాలితో దారాన్ని లాగి ఆకుకి అద్దడం, ఇంకో అడుగు, మళ్ళీ అద్దడం. ముందుకొచ్చేకొద్దీ పరంజాని తెంపుకుంటూ వచ్చింది. మొత్తం ముప్పావు గంట పట్టింది. చివరికి మధ్యలో తల కిందికి పెట్టి కూర్చుంది.

ఆ తల కిందికి పెట్టి కూర్చోవడానికి ఒక లెక్క ఉంది. పైకి ఎక్కడం కన్నా కిందికి పరుగెత్తడం తేలిక, అందుకే గూటి కింది సగాన్ని పెద్దదిగా కడుతుంది. మీ మొదటి ఫొటోలో స్కేలు పెట్టి కొలిచి చూడండి, తేడా తెలుస్తుంది. భూమి ఆకర్షణ లేకపోతే ఏం చేస్తాయని 1973లో అమెరికావాళ్ళు స్కైల్యాబ్ అనే అంతరిక్ష కేంద్రంలోకి అరబెల్లా, అనిత అనే రెండు సాలీళ్ళని పంపారు. మొదట్లో తడబడినా గుండ్రటి గూళ్ళు కట్టాయి. తర్వాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. బరువు తెలియని చోట, దీపం వెలిగి ఉంటే ఆ వెలుతురునే పైవైపుగా తీసుకుని గూడు కట్టాయి.

జిగురు సంగతి కూడా దగ్గరగా చూడదగ్గది. జిగురు చుట్ట మీద జిగురు ఒకే పూతలా నిలవదు. వాన వెలిశాక బట్టలారేసే తీగ మీద నీళ్ళు బొట్లు బొట్లుగా నిలిచినట్టే, పూసిన కాసేపటికే సమాన దూరాల్లో పూసలుగా విడిపోతుంది. ఆ పూసల్లోని లవణాలు గాలిలో తేమను లాక్కుంటాయి, అందుకే ఆరిపోకుండా అంటుకుంటూ ఉంటుంది. మొబైల్‌కి ఇరవై రెట్ల క్లిప్ లెన్స్ పెట్టి, వెనక నల్లగుడ్డ పట్టుకుంటే పూసలు స్పష్టంగా కనిపిస్తాయి. గూడు ఫొటోలో పడాలని పిండి చల్లకండి, జిగురు పాడైపోయి ఆ పూట దానికి తిండి ఉండదు.

నియోస్కోనా తెల్లవారుజామున గూటిని చుట్టచుట్టి తినేస్తుంది. దారానికి గుర్తు పెట్టి చూసిన ప్రయోగాల్లో, తిన్న పట్టులోని ప్రోటీన్ చాలా కొద్ది సమయంలోనే కొత్త దారంగా తిరిగి బయటికొచ్చింది. పోయేది తక్కువ.

ఇక్కడ మన మాట గురించి ఒకటి చెప్పాలి. సాలె అంటే నేతగాడు. మనవాళ్ళు ఈ ప్రాణిని మొదట గుర్తించింది నేతతోనే, అది సరైన పేరు. గూడు అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. ఆర్జియోపే, నియోస్కోనా కట్టేది నివాసం కాదు, వల. జాలరి వల లాగా వేస్తాయి, తీస్తాయి. ఇంటి మూలల్లో మనం బూజుకర్రతో దులిపేది వేరే కుటుంబాలవాళ్ళ పని. ముళ్ళకంపల మీద వందల సాలీళ్ళు కలిసి కట్టే మురికి మూటలు చూసుంటారు. కుప్పం వైపు వాటి మీద చాలా పరిశోధన జరిగింది. స్టెగోడిఫస్ అనే సంఘజీవి అది, దానికి గుండ్రటి వలతో సంబంధం లేదు.

ఇక గుండ్రంగా కట్టేవన్నీ ఒకటేనా? కావు. నేను విద్యార్థులకి పదే పదే చెప్పేది ఇదే, వల చూసి కుటుంబం నిర్ణయించొద్దు, ఒళ్ళు చూడండి.

అసలు కుటుంబం ఆరనియిడే. మూడు వేలకు పైగా జాతులు, సాలీడు కుటుంబాల్లో మూడో పెద్దది. దీనికి పునాది వేసింది కార్ల్ క్లర్క్ అనే స్వీడన్ ఆయన, స్టాక్‌హోంలో పన్నుల ఉద్యోగి. ఆయన సాలీళ్ళ పుస్తకం 1757లో వచ్చింది. జంతువుల పేర్లకి, రెండు ముక్కల పేర్ల పద్ధతి పెట్టిన లిన్నేయస్ 1758 పుస్తకమే మొదలని నియమం, సాలీళ్ళకి మాత్రం అంతకు ముందే వచ్చిన క్లర్క్ పుస్తకంలోని పేర్లకి మినహాయింపు ఇచ్చారు. మన దేశపు ఆరనియిడే మీద పెద్ద పని చేసింది జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన బి.కె. టికాదర్, ఆ సంపుటం 1982లో వచ్చింది. పేర్లు కొన్ని మారినా, బొమ్మల కోసం నేనిప్పటికీ దాన్నే తిరగేస్తాను.

రెండోది టెట్రాగ్నాథిడే, పొడుగు దవడలవాళ్ళు. వీటి వల సాధారణంగా ఏటవాలుగానో పడుకోబెట్టినట్టో ఉంటుంది, మధ్యలో చిన్న కన్నం ఉంటుంది. వరిచేలో సాయంత్రం వంగి చూస్తే ఆకు వెంబడి పుల్లలా చాపుకుని ఉండేది టెట్రాగ్నాథా. జత కట్టేటప్పుడు మగది తన దవడల మీది ముల్లుతో ఆడదాని కోరల్ని పట్టి ఉంచుతుంది. పొదల్లో వెండి, ఆకుపచ్చ రంగుల్లో మెరిసే లూకాజ్ కూడా ఈ ఇంటిదే.

మూడోది యులోబరిడే. వీటి వల కూడా చక్కటి చక్రమే, పైకి చూస్తే మోసపోతాం. ఒంట్లో మాత్రం విషగ్రంథులే లేవు! సాలీళ్ళలో ఇది చాలా అరుదు. వేటను కరిచి చంపడానికి లేదు కాబట్టి దారంతో బిగించి బిగించి చుట్టి చంపుతాయి. వల మీద జిగురు ఉండదు. క్రిబెల్లమ్ అనే పలక నుంచి వచ్చే అతి సన్నటి పోగుల్ని వెనక కాళ్ళ దువ్వెనతో దువ్వి ఉన్నిలా చేస్తాయి, పురుగు కాళ్ళు ఆ ఉన్నిలో చిక్కుకుంటాయి.

ఈ ఉన్ని వల, ఆ జిగురు వల రెండూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చాయని, గుండ్రటి వల కట్టేవన్నీ ఒకే శాఖ అని చాలాకాలం నమ్మారు. 2014లో రెండు బృందాలు విడివిడిగా వందల జన్యువులు పోల్చి చూసేసరికి, యులోబరిడే నిజానికి వల కట్టకుండా తిరిగి వేటాడే సాలీళ్ళ వైపు దగ్గరని తేలింది. అంటే గుండ్రటి వల చాలా పాతదై, తర్వాత ఎన్నో శాఖలు దాన్ని వదిలేసి ఉండాలి, లేదా ఒకటికన్నా ఎక్కువసార్లు పుట్టి ఉండాలి. నాకు మొదటిదే నమ్మశక్యంగా ఉంది.

నెఫిలా గొడవ కూడా ఉంది. తూర్పు కనుమల అడవుల్లో దారికి అడ్డంగా, మనిషి ఎత్తున, ఎండలో బంగారు రంగులో మెరిసే వల కనిపిస్తే అది నెఫిలా పిలిపెస్. ఆడదాని ఒళ్ళే నాలుగైదు సెంటీమీటర్లు, మగది అర సెంటీమీటరు. మొదటిసారి చూసేవాళ్ళు మగదాన్ని దాని పిల్ల అనుకుంటారు. దీన్ని ఒకప్పుడు టెట్రాగ్నాథిడేలో పెట్టారు. 2006లో సొంత కుటుంబం ఇచ్చారు, 2017లో ఆరనియిడేలో కలిపారు, 2019లో ఒక బృందం మళ్ళీ విడదీసింది. ఇప్పుడు రెండు వైపులా వాదిస్తున్నారు. మీరు ఏ పుస్తకంలో ఏది చదివినా కంగారుపడకండి. గుర్తుపట్టడానికి వేరే తేడా చూడండి. ఆర్జియోపే పెద్ద వేటను ముందు చుట్టి తర్వాత కరుస్తుంది, నెఫిలా ముందు కరిచి తర్వాత చుడుతుంది. నెఫిలా ఆ పరంజా చుట్టని తీసేయదు, వలలోనే ఉంచేస్తుంది.

అట్లాంటా దగ్గర ఉండే మా బంధువు ఒకరు పెరట్లో ఇలాంటిదే ఉందని ఫొటో పంపారు. అది ఆర్జియోపే కాదు, ట్రైకోనెఫిలా క్లవాటా, అక్కడ జోరో అంటారు. తూర్పు ఆసియా నుంచి వచ్చి 2014 ప్రాంతంలో జార్జియాలో మొదట గుర్తించబడింది, అప్పటి నుంచి పాకుతోంది. వల బంగారు రంగు, ఇంటూ గుర్తు ఉండదు. అదీ మనుషులకి ప్రమాదకరం కాదు.

ఆరనియిడే లోపలి వైవిధ్యం గురించి రాస్తూ పోతే రాత్రి అయిపోతుంది, మీ చుట్టుపక్కల దొరికేవి చెప్తాను. గట్టి పెంకు లాంటి పొట్టకి ముళ్ళున్నది గ్యాస్టరకాంథా, తోటల్లో రెండు చెట్ల మధ్య ఎత్తున ఉంటుంది. వల మధ్యలో తిని పారేసిన పురుగుల తొక్కల్ని నిలువు గీతలా పేర్చి ఆ చెత్తలో చెత్తలా కూర్చునేది సైక్లోసా. నాగజెముడు పొదల మీద గుడారాల్లా బారులు తీరి ఉండేది సిర్టోఫోరా. దాని వల పడుకోబెట్టిన సన్నటి జల్లెడ, జిగురు అసలు లేదు, పైనున్న చిక్కుదారాలకి తగిలి పురుగు కింద పడుతుంది. ఆ వలల్లో వెండి బొట్ల లాంటి చిన్న సాలీళ్ళు కనిపిస్తే అవి పిల్లలు కావు, ఆర్జిరోడెస్ అనే దొంగలు, ఇంకొకరి వేటను కాజేసి బతుకుతాయి. అమెరికా ఖండాల్లోని మాస్టోఫోరా ఇదే కుటుంబమైనా వల మానేసింది. ఒక్క దారం చివర జిగురు ఉండ వేలాడదీసి, ఆడ రెక్కల పురుగు వాసన విడుస్తుంది, ఆశపడి వచ్చిన మగ పురుగుని ఆ ఉండతో కొడుతుంది. మడగాస్కర్‌లో 2010లో వర్ణించిన సిరోస్ట్రిస్ డార్విని నదుల మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దారం వేస్తుంది, 25 మీటర్ల దాకా. ఇప్పటిదాకా కొలిచిన జీవపదార్థాల్లో దాని దారం అంత మొండిది ఇంకోటి లేదు.

పొలం ఉంటే ఇంకో మాట. వరికి పట్టే దోమ కనిపించిందని తొందరపడి మందు కొట్టిన చేలో ముందు పోయేది ఈ సాలీళ్ళే. ఆ తర్వాత దోమ రెట్టింపై తిరిగి రావడం నేను ఎన్నో చేలల్లో చూశాను. పొద్దున్నే మంచులో గట్టు మీద నిలబడి వలలు లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే మందు సంగతి ఆలోచించమని రైతులకి చెప్తుంటాను.

ఇంటూ గుర్తు ఎందుకన్నది మాత్రం ఇంకా తేలలేదు. పురుగుల్ని ఆకర్షించడానికని కొందరు, పక్షులు వలలోంచి దూసుకుపోకుండా హెచ్చరిక అని కొందరు, సాలీడు కనబడకుండా మరుగు అని ఇంకొందరు అంటారు. నేను పక్షుల వాదన వైపే మొగ్గుతాను. పగలంతా వల మధ్యలో కూర్చునేవే ఇలాంటి గుర్తులు వేస్తాయి, రాత్రి వేటగాళ్ళు దాదాపు వేయవు. రోజూ ఆ గుర్తుకి నాలుగు చేతులూ ఉండాలని లేదు. రేపు రెండే ఉండొచ్చు, ఎల్లుండి అసలే లేకపోవచ్చు. పిల్లల చేత ఒక నోటుబుక్కులో రోజూ బొమ్మ గీయించండి.

మీ రెండో ఫొటోలో పై అంచున, మట్టిరంగులో, వేలిగోరులో సగం లేనిది ఒకటుంది. అది మగది. ఆడదాని పొట్ట బాగా ఉబ్బి ఉంది కాబట్టి కొద్ది రోజుల్లో దగ్గరలోని ఆకుల చాటున కాగితం లాంటి పొరతో గుడ్ల సంచి వేలాడదీస్తుంది. తల్లి ఆ తర్వాత ఎక్కువ కాలం ఉండదు. జామ కొమ్మలు కత్తిరించే పని ఉంటే గోడవైపు కొమ్మని మాత్రం ఈ సీజన్‌కి వదిలేయండి. సంచి కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపండి.